పేరును మరో లిపిలోంచి తెలుగులోకి తేవడం ఎలా: పూర్తి పద్ధతి

కేరళలోని ఒక నగరం పేరును తెలుగులో ఎక్కువగా కోజికోడ్ అని రాస్తున్నాం. ఆ ఊళ్లో దాన్ని కోళిక్కోడ్ అంటారు. మధ్యలో ఉన్నది మలయాళ, తమిళాల్లో నేటికీ వాడుకలో ఉన్న ఒక ప్రత్యేకమైన ళకారం. ఇంగ్లీషులో దానికి అక్షరం లేదు కాబట్టి జెడ్, హెచ్ పక్కపక్కన పెట్టి సరిపెడతారు. ఆ ఇంగ్లీషు స్పెల్లింగు చూసి మనం జ రాశాం. అదే దారిలో అలప్పుళ కాస్తా అలప్పుజా అయింది. మూల ధ్వనికి బాగా దగ్గరైన ళ మన వర్ణమాలలోనే ఉంది. అయినా తప్పు జరిగిందంటే కారణం ఒక్కటే: పక్క లిపి నుంచి నేరుగా తెచ్చుకోవాల్సిన పేరును ఇంగ్లీషు మీదుగా తిప్పి తెచ్చుకున్నాం.

పేర్లను ఒక లిపి నుంచి మరో లిపిలోకి మార్చే ఈ పనిని (లిప్యంతరీకరణను) చేసేవాళ్లంతా, అంటే అనువాదకులు, విలేకరులు, సబ్‌టైటిల్స్ రాసేవాళ్లు, వికీపీడియాలో రాసేవాళ్లు, ఇంట్లో వంశవృక్షం తయారుచేసుకునేవాళ్లు, రోజూ ఎదుర్కొనే సమస్య ఇది. కింద చెప్పే అడుగులు అన్ని పేర్లకూ ఒకే మోతాదులో అవసరం పడవు. కన్నడ పేరుకు నిమిషం చాలు. చైనా పేరుకు కాస్త ఓపిక కావాలి. వరస మాత్రం మార్చకండి.

మొదటి అడుగు: అక్షరాన్ని తేవాలా, ధ్వనిని తేవాలా?

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇది. ఇక్కడ తేల్చుకోకపోతే తరవాత ప్రతి మాట దగ్గరా తడబడతారు.

హిందీలో రాజస్థాన్ పేరును రాసే తీరు చూడండి. అక్షరానికి అక్షరం మారిస్తే రాజస్థాన అని వస్తుంది. చదివేటప్పుడు చివరి అకారం పలకరు కాబట్టి చెవికి రాజస్థాన్ అని వినబడుతుంది. మొదటిది అక్షరాల మార్పు, రెండోది ధ్వని మార్పు. అక్షరాల మార్పులో ఒక సుగుణం ఉంది: తెలుగు రూపం నుంచి మళ్లీ మూల రూపానికి తప్పు లేకుండా వెళ్లగలం. శాసనాల పాఠాలు, రాతప్రతులు, గ్రంథాలయ జాబితాలు, సంస్కృత శ్లోకాలు ఇలాంటివాటికి అదే కావాలి. వార్త, కథ, పటం, సబ్‌టైటిల్ లాంటివాటికి ధ్వని కావాలి. ఎందుకంటే పాఠకుడు ఆ పేరును పైకి చదవబోతున్నాడు.

ఒకే రచనలో రెండూ కలపకండి. ఒక పేజీలో రాజస్థాన్ అనీ, ఇంకో పేజీలో అదే పద్ధతికి చెందిన మరో పేరును సరకార అన్నట్టు అక్షరాలా రాయడం పాఠకుణ్ని గందరగోళంలో పడేస్తుంది. ఇక్కడి నుంచి నేను చెప్పేది ప్రధానంగా ధ్వని మార్పు గురించి. మామూలు పాఠకుడికి పనికొచ్చేది అదే.

రెండో అడుగు: పేరును దాని సొంత లిపిలో పట్టుకోండి

చాలామంది వదిలేసే అడుగు ఇదే. ఇది ఒక్కటి చేసినా సగానికి పైగా తప్పులు పుట్టకుండానే పోతాయి.

ఇంగ్లీషు లిపి మన భాషల్లో ముఖ్యమైన తేడాలన్నిటినీ చెరిపేస్తుంది. ట, త రెండూ టీ అవుతాయి. ణ, న రెండూ ఎన్ అవుతాయి. ల, ళ రెండూ ఎల్ అవుతాయి. అచ్చు హ్రస్వమో దీర్ఘమో తెలియదు. ఒకసారి చెరిగిపోయాక ఎంత తెలివిగా ఊహించినా ఆ తేడా వెనక్కి రాదు. అందుకే మరాఠీలో ఠాణే అని ఉన్న ఊరు తెలుగులో థానే అయింది. హిందీలో హరియాణా అని ణకారంతో రాసే రాష్ట్రం మనకు హర్యానా అయింది. కన్నడంలో బెళగావి అన్నది బెలగావి అయింది. పుణే పేరులో ణ ఉందని మరాఠీలో చూస్తే వెంటనే తెలుస్తుంది, ఇంగ్లీషులో చూస్తే ఎప్పటికీ తెలియదు.

సొంత లిపి రూపం ఎక్కడ దొరుకుతుంది? వికీపీడియాలో ఆ ఊరి లేదా మనిషి వ్యాసం తెరిచి, భాషల జాబితాలో ఆ ప్రాంతపు భాషను ఎంచుకోండి. వ్యాసం శీర్షికే మీకు కావాల్సిన రూపం. మన దేశంలోని ఊళ్లకైతే రైల్వే స్టేషన్ బోర్డు ఫొటో ఒకటి వెతకండి, దాని మీద స్థానిక భాష, హిందీ, ఇంగ్లీషు మూడూ ఉంటాయి. రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైట్లలో స్థానిక భాష పేజీలు కూడా నమ్మదగినవే.

ఆ లిపి మీకు చదవడం రాదా? పరవాలేదు. ఆ మాటను కాపీ చేసి అక్షరముఖ లాంటి లిప్యంతరీకరణ సాధనంలో వేస్తే తెలుగు అక్షరాల్లో చూపిస్తుంది. అది ముడిసరుకు మాత్రమే. దాన్ని అలాగే అచ్చుకు పంపకూడదు. ఎందుకో తరవాతి అడుగులో చూద్దాం.

మూడో అడుగు: ఆ లిపి ఏం దాస్తుందో తెలుసుకోండి

ఏ లిపీ పలికినదంతా రాయదు. ఒక్కో లిపి ఒక్కోదాన్ని చదివేవాడికి వదిలేస్తుంది. తెలుగు పాఠకుడికి ఇది కొంచెం కొత్తగా ఉంటుంది, ఎందుకంటే మన రాత మన పలుకుబడికి చాలా దగ్గరగా నడుస్తుంది. ఈ అడుగు మీద కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

హిందీ, మరాఠీ దాచేది అకారాన్ని. మాట చివరి హల్లు మీది అకారం సాధారణంగా పలకరు. మాట మధ్యలో కూడా ఒక సూత్రం చాలాసార్లు పనిచేస్తుంది: ఆ అకారానికి ముందు అచ్చు, ఒంటరి హల్లు ఉండి, తరవాత ఒంటరి హల్లు, మరో అచ్చు ఉంటే అది పడిపోతుంది. సరకార అని రాసినది సర్కార్ అయ్యేది ఇలాగే. మాట చివర సంయుక్తాక్షరం ఉంటే, మిత్ర లాంటి మాటల్లో, అకారం కొద్దిగా మిగులుతుంది. అదే దేవనాగరిలో సంస్కృతం రాస్తే ఒక్క అకారమూ పోదు. కాబట్టి లిపి చూసి ఆగిపోకండి, ఆ లిపిలో రాసిన భాష ఏమిటో కూడా చూడండి.

నాగపూర్ పేరు ఈ విషయాన్ని బాగా చూపిస్తుంది. మరాఠీలో పూర అని దీర్ఘంతో రాస్తారు, హిందీలో పుర అని హ్రస్వంతో రాస్తారు. ఊరు మహారాష్ట్రలో ఉంది కాబట్టి మరాఠీ రూపమే మనకు ప్రమాణం. అక్షరాలా నాగపూర. చివరి అకారం తీసేస్తే నాగపూర్. మధ్యలో గ మీది అకారం కూడా పై సూత్రం ప్రకారం పోతుంది కాబట్టి నాగ్‌పూర్. రాయ్‌పూర్ సంగతి వేరు, అక్కడి రాత హిందీ కాబట్టి మూలంలో ఉన్నది పుర. తెలుగులో రెంటికీ పూర్ అని దీర్ఘమే స్థిరపడింది. ఆ వాడుక సంగతి అయిదో అడుగులో.

బెంగాలీలో అకారం పోవడమే కాదు, మిగిలినది కూడా ఒకారంలా పలుకుతుంది. కోల్‌కతా పేరును అక్కడ అక్షరాలా కలకాతా అని రాస్తారు, కొల్‌కాతా అన్నట్టు పలుకుతారు. ఇంకో సంగతి: బెంగాలీలో వకారానికి విడి అక్షరం లేదు, ఉన్నది బ ఒక్కటే. విశ్వభారతి పేరు అక్కడ బ తోనే మొదలవుతుంది. సంస్కృతం నుంచి వచ్చిన పేర్లకు తెలుగులో వ తిరిగి పెట్టడం మన సంప్రదాయం. అది మంచి సంప్రదాయమే, ఆ మాటలు మనకూ సొంతం కాబట్టి. అచ్చమైన బెంగాలీ మాటలకు మాత్రం బ అలాగే ఉంచండి.

తమిళంలో క, గ రెంటికీ ఒకే అక్షరం. త, ద కూ అంతే. ట, డ కూ, ప, బ కూ అంతే. ఏది పలకాలో అక్షరం ఉన్న చోటు చెబుతుంది. మాట మొదట్లో ఉన్నా, ద్విత్వంగా ఉన్నా క, త, ట, ప. అనునాసికం (ముక్కుతో పలికే న, మ లాంటి హల్లు) తరవాత గ, ద, డ, బ. అచ్చుల మధ్య ఒంటరిగా ఉన్నా మెత్తబడుతుంది. చిదంబరం పేరు తమిళంలో అక్షరాలా చితమ్పరమ్ అన్నట్టు ఉంటుంది. రెండచ్చుల మధ్య ఉన్న త మెత్తబడి ద అయింది, మ్ తరవాతి ప కాస్తా బ అయింది. మదురై పేరులోని ద కూడా రాతలో త యే. సంస్కృతం నుంచి, ఇతర భాషల నుంచి వచ్చిన పేర్ల దగ్గర ఈ సూత్రం చెల్లదు. భారతి పేరును తమిళంలో పారతి అన్నట్టే రాస్తారు. మాట మొదట్లో ఉంది కదా అని మీరు ప రాస్తే పేరే మారిపోతుంది. అలాంటి పేర్లను గుర్తుపట్టి మూల రూపంలో రాయడమే మార్గం.

అరబిక్ దాచేది హ్రస్వ అచ్చులన్నిటినీ. ముహమ్మద్ పేరులో కాగితం మీద కనబడేవి మ, హ, మ, ద అనే నాలుగు అక్షరాలే. ఆ పేరు తెలిసినవాడే సరిగా చదవగలడు. అందుకని అరబిక్ పేర్లను యంత్రానికి ఎప్పుడూ వదలకండి. అల్ అనే ఉపపదం విషయంలోనూ జాగ్రత్త పడాలి. కొన్ని హల్లుల ముందు అందులోని ల్ ఆ హల్లుగానే మారిపోతుంది. సౌదీ రాజధాని పేరు రాతలో అల్ రియాద్, పలుకులో అర్రియాద్. ఈ పేరులోనే ఇంకో సంగతి ఉంది. చివరి అక్షరాన్ని అరబ్బులు ద కు దగ్గరగా పలుకుతారు, పారశీకం, ఉర్దూ మాట్లాడేవాళ్లు జ గా పలుకుతారు. అందుకే అవే అక్షరాలతో రాసిన పేరు అరబిక్‌లో రియాద్, ఉర్దూలో రియాజ్. రమదాన్, రంజాన్ అన్న రెండు రూపాలు పుట్టిందీ ఇక్కడే. రెండూ ఒప్పే. పేరు గల మనిషి ఏ భాషవాడో తెలిస్తే ఏది రాయాలో తెలుస్తుంది.

రష్యన్‌లో ఊనిక లేని (నొక్కి పలకని) ఓకారం అకారంగా మారుతుంది. మనం మాస్కో అనే నగరాన్ని వాళ్లు మస్క్‌వా అంటారు. ఇంకో అక్షరం మీద రెండు చుక్కలు పెడితే యో, పెట్టకపోతే యె. మామూలు రాతలో ఆ చుక్కలు చాలాసార్లు పెట్టరు. గోర్బచేవ్, క్రుశ్చేవ్ అని మనం రాసే పేర్లు వాళ్ల నోట చోఫ్ అన్నట్టు ముగియడానికి కారణం అదే. ఉక్రేనియన్‌లో సరిగ్గా ఇదే లిపిలో గ లా కనిపించే అక్షరం హ గా పలుకుతుంది. లుగాన్స్క్, లుహాన్స్క్ అని ఒకే నగరానికి రెండు రూపాలు వార్తల్లో కనబడటానికి మూలం అది.

చైనా అక్షరాలు ధ్వనిని సూటిగా చూపవు కాబట్టి పిన్‌యిన్ అనే రోమన్ పద్ధతి మీద ఆధారపడాలి. దాన్ని చైనా ప్రభుత్వం 1958లో ఆమోదించింది. 1982లో అది అంతర్జాతీయ ప్రమాణం కూడా అయింది. అందులో రోమన్ అక్షరాలకు ఇంగ్లీషు విలువలు ఉండవు. క్యూ అక్షరం చ కు, ఎక్స్ అక్షరం శ కు, జెడ్-హెచ్ జంట జ కు, సీ అక్షరం త్స కు దగ్గరగా ఉంటాయి. ఈ నాలుగు గుర్తుంటే చాలా పేర్లు గట్టెక్కుతాయి. క్యూని ఇంగ్లీషులా చదివితే చోంగ్‌చింగ్ నగరం చోంగ్‌కింగ్ అయిపోతుంది. పిన్‌యిన్‌కు ముందు వేడ్-జైల్స్ అనే పద్ధతి చెలామణీలో ఉండేది. పాత తెలుగు పుస్తకాల్లో మావో సే టుంగ్ అనీ, ఇప్పుడు మావో జెడాంగ్ అనీ కనబడేది ఒకే మనిషి. మధ్యలో మారినది రోమన్ పద్ధతి మాత్రమే. పాత పుస్తకంలోని చైనా పేరును కొత్త రచనలోకి తెచ్చేటప్పుడు అది ఏ పద్ధతిలోదో తప్పక చూసుకోండి.

జపాన్ పేర్లలో చైనా నుంచి వెళ్లిన అక్షరాలు ఉంటే, ఒకే రాతను రెండు మూడు రకాలుగా చదవవచ్చు. ఆ దేశం పేరునే అవే రెండు అక్షరాలతో రాసి నిహోన్ అనీ, నిప్పోన్ అనీ చదువుతారు. మనుషుల పేర్లకైతే పక్కన కానా లిపిలో (ధ్వనిని చూపే జపాన్ లిపిలో) ఇచ్చిన ఉచ్చారణను చూడక తప్పదు. కొరియా లిపి దీనికి పూర్తిగా వ్యతిరేకం, చాలావరకు పలికినట్టు రాస్తుంది. చిక్కంతా దాని రోమన్ స్పెల్లింగులో ఉంది. అందులో ఇంగ్లీషు అక్షరాలు ఇ, ఓ పక్కపక్కన వస్తే అక్కడ ఒకే అచ్చు, మన ఒకారానికి దగ్గరగా ఉండేది. మనం సియోల్ అనే రాజధాని వాళ్లకు సొ-ఉల్.

ఇక రోమన్ లిపి సంగతి. అది ఒక్క ఇంగ్లీషు లిపి కాదన్నది మరవకూడదు. జే అక్షరం జర్మన్‌లో య, స్పానిష్‌లో హ కు దగ్గర, పోర్చుగీసులో జ కు దగ్గర. ఒకే స్పెల్లింగున్న మనిషి పేరు స్పెయిన్‌లో హోసే, పోర్చుగల్‌లో జుజే. పోలండ్‌లో ఒక పెద్ద నగరం పేరు అక్షరాల మీది గీతలు తీసేసి చదివితే లోడ్జ్ అనిపిస్తుంది. అసలు ఉచ్చారణ వూచ్. ఆ గీతలు, చుక్కలు అలంకారాలు కావు, అవి అక్షరంలో భాగం. కాపీ చేసేటప్పుడు పోగొట్టకండి. ఉచ్చారణ తెలియనప్పుడు వికీపీడియా వ్యాసం మొదటి వాక్యంలో అంతర్జాతీయ ధ్వనిలిపిలో ఇచ్చిన రూపం చూడండి, శబ్దం ఫైలు ఉంటే వినండి.

నాలుగో అడుగు: తెలుగులో లేని ధ్వనులకు ఒక నిర్ణయం తీసుకోండి

ఇప్పుడు మీకు ధ్వని తెలిసింది. దాన్ని తెలుగు అక్షరాల్లో కూర్చోబెట్టాలి. కొన్నిచోట్ల సరిపోయే అక్షరం ఉండదు. అక్కడ సరైన జవాబు అంటూ ఒకటి లేదు, నిలకడగా పాటించే జవాబు కావాలి.

త, ట ల ఎంపిక అన్నిటికన్నా తరచుగా వస్తుంది. ఇంగ్లీషు టీ, డీ లు మన చెవికి ట, డ లా వినబడతాయి. ఆ అలవాటు వంద ఏళ్లకు పైబడినది, దాన్ని కదపనక్కర్లేదు. ఫ్రెంచి, స్పానిష్, ఇటాలియన్, రష్యన్ భాషల్లో మాత్రం నాలుక పళ్లకు తగులుతుంది కాబట్టి త, ద సరైనవి. పుతిన్ పేరును తెలుగు పత్రికలు త తోనే రాస్తున్నాయి, అది చాలా సంతోషించదగ్గ విషయం. స్టాలిన్ పేరు మాత్రం ఇంగ్లీషు మీదుగా వచ్చి ట తో పాతుకుపోయింది.

ఇంగ్లీషులో బ్యాంక్ మాటలోని అచ్చుకు మనం యకారం ఒత్తు, దీర్ఘం కలిపి ఒక మంచి ఉపాయం కనిపెట్టుకున్నాం. డాక్టర్ మాటలోని అచ్చుకు దీర్ఘంతో సరిపెట్టుకున్నాం, హిందీవాళ్లు దాని కోసం ప్రత్యేకంగా ఒక గుర్తే చేసుకున్నారు. పెదవికి పళ్లు తగిలే ధ్వనికి ఫ వాడతాం. జెడ్ ధ్వనికి జ వాడతాం. థింక్ లాంటి మాటల్లోని ధ్వనికి థ. ఇవన్నీ స్థిరపడ్డాయి, వీటి జోలికి వెళ్లకండి.

తమిళ, మలయాళాల ప్రత్యేక ళకారానికి ఏం చేయాలి? పాత తెలుగు శాసనాల్లో ఆ అక్షరం ఉండేది. కంప్యూటర్లలో అక్షరాలకు సంఖ్యలు కేటాయించే ప్రమాణమైన యూనికోడ్‌లో కూడా 2014లో చేరింది, దాని రూపం ఴ. పండిత గ్రంథంలో అయితే దాన్ని నిస్సంకోచంగా వాడండి. మామూలు పాఠకుడికి ళ చాలు. అలాగే చలి, జల్లు మాటల్లో మనం పలికే దంత్య చ, జ లకు ౘ, ౙ అనే అక్షరాలు ఉన్నాయి. మరాఠీలోనూ ఆ ధ్వనులు ఉన్నాయి కాబట్టి నిఘంటువులో, భాషాశాస్త్ర వ్యాసంలో అవి అక్కరకొస్తాయి. మామూలు వార్తలో అవి పాఠకుణ్ని ఆపేస్తాయి.

తీసుకున్న ప్రతి నిర్ణయాన్నీ ఒక పట్టికలో రాసుకోండి: మూల భాష, మూల అక్షరం, తెలుగు రూపం, ఒక ఉదాహరణ. పెద్ద అనువాదంలో ఒకే పాత్ర పేరు మూడు రకాలుగా తిరగకుండా కాపాడేది ఈ పట్టికే.

అయిదో అడుగు: వాడుకలో పాతుకుపోయిన రూపం ఉందేమో చూడండి

మీరు కష్టపడి కనుక్కున్న సరైన రూపానికీ, జనం రాసే రూపానికీ తేడా వచ్చినప్పుడు ఏది నిలవాలి? నా అభిప్రాయం ఇది. పారిస్, మాస్కో, జపాన్, సియోల్ లాంటివి తెలుగు మాటలే అయిపోయాయి. పారీ అని రాస్తే సరైన రూపం రాసినట్టు కాదు, పాఠకుడికి తెలిసిన ఊరిని తెలియనిదిగా చేసినట్టు. వాటిని అలాగే ఉంచాలి. ఇంకా స్థిరపడని పేర్ల దగ్గర, ముఖ్యంగా మన దేశపు ఇతర భాషల పేర్ల దగ్గర, మూల రూపానికే ఓటు వేయాలి. అవి మన పొరుగు భాషలు, వాటి అక్షరాలన్నీ దాదాపుగా మన దగ్గర ఉన్నాయి. ఢిల్లీ అన్నది బాగా పాతుకుపోయిన రూపం, అయినా కొన్ని పత్రికలు హిందీలో ఉన్నట్టు దిల్లీ అని రాయడం మొదలుపెట్టాక పాఠకులు అలవాటు పడ్డారు. మార్పు సాధ్యమే.

బతికున్న మనిషి పేరైతే వేరే నియమం: ఆ మనిషి తన పేరును ఎలా పలుకుతారో అదే అంతిమం. ఏ సూత్రమూ దానికి మించినది కాదు.

ఆరో అడుగు: కీబోర్డు మీద సరిగా టైపు చేయండి

సాఫ్ట్‌వేర్ మాటను మామూలుగా టైపు చేస్తే ట తో పాటు వ కూడా ఒత్తుగా చేరి సాఫ్ట్వేర్ అవుతుంది. ట్ దగ్గర పొల్లు అలాగే నిలవాలంటే, దాని తరవాత కంటికి కనబడని ఒక అక్షరం పెట్టాలి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. నాగ్‌పూర్, కోల్‌కతా, పిన్‌యిన్ అన్నిటిలోనూ అది ఉంది. మీ కీబోర్డులో ఆ మీట కనబడకపోతే, సరిగా రాసిన మాట ఒకదాని నుంచి దాన్ని కాపీ చేసుకుని దాచుకోండి. పేరులో రెండు భాగాలు కలిసే చోట, లేదా పరభాషా పదానికి లో, కి లాంటి విభక్తి చేరే చోట ఇది తప్పనిసరి. స్టేషన్ లాంటి మాటల్లో ఒత్తు సహజంగానే చదవబడుతుంది కాబట్టి అక్కడ అక్కర్లేదు.

మాట చివర మ్ రాయాలా, సున్న రాయాలా అన్నది రెండు విధాలా చెల్లుతుంది. ఏదో ఒకటి ఎంచుకుని మీ పట్టికలో రాసుకోండి.

ఐత్వం విషయంలో ఒక సాంకేతిక చిక్కు ఉంది. యూనికోడ్‌లో దాన్ని ఒకే గుర్తుగానూ నిల్వ చేయవచ్చు, ఎత్వం కింద మరో చిన్న గుర్తు చేర్చి రెండుగానూ నిల్వ చేయవచ్చు. కంటికి రెండూ ఒకటే. వెతికేటప్పుడు మాత్రం కంప్యూటరు వాటిని వేరువేరు మాటలుగా చూసే ప్రమాదం ఉంది. పెద్ద జాబితా తయారుచేస్తుంటే చివర్లో రెండు రకాల నిల్వనూ ఒకే రూపానికి తెచ్చే నార్మలైజేషన్ అనే ప్రక్రియ ఒకసారి నడిపించండి.

ఏడో అడుగు: వందల పేర్లుంటే యంత్రం సాయం తీసుకోండి

భారతీయ లిపుల యూనికోడ్ పట్టికలను 1988 నాటి ఇస్కీ అనే భారతీయ కంప్యూటర్ అక్షరాల ప్రమాణం ఆధారంగా ఒకే వరసలో అమర్చారు. దానివల్ల మనకు గొప్ప సౌకర్యం ఏర్పడింది. దేవనాగరి క సంఖ్య 2325, తెలుగు క సంఖ్య 3093, కన్నడ క సంఖ్య 3221. దేవనాగరి అక్షరం సంఖ్యకు 768 కలిపితే తెలుగు అక్షరం వస్తుంది, తెలుగుకు 128 కలిపితే కన్నడం వస్తుంది. ప్రోగ్రామింగ్ కొంచెం తెలిసినవాళ్లు నాలుగైదు వరసల్లో ఈ పని చేసుకోవచ్చు. కన్నడ, తెలుగుల మధ్య ఫలితం దాదాపు యథాతథంగా వాడుకునేంత బాగుంటుంది.

మిగతా చోట్ల దిద్దుబాటు కావాలి. హిందీలో డాక్టర్ మాటలోని ప్రత్యేక అచ్చు సంఖ్య 2321. దానికి 768 కలిపితే 3089 వస్తుంది, తెలుగు పట్టికలో ఆ గది ఖాళీ. తెర మీద ఒక ఖాళీ డబ్బా కనబడుతుంది. దాన్ని ముందే ఆ గా మార్చాలి. అచ్చు గుర్తుకు దీర్ఘం పెట్టాలి. హిందీ అక్షరాల కింద వచ్చే నుక్తా చుక్క కూడా తెలుగు పట్టికలో 2021లో చేరింది. అయినా మామూలు పాఠకుడి కోసం దాన్ని తీసేయడమే మేలు. తెలుగు నుంచి హిందీకి వెళ్లేటప్పుడు మన హ్రస్వ ఎ, ఒ లు హిందీ పాఠకులకు పరిచయం లేని అక్షరాలుగా మారతాయి. వాటిని దీర్ఘాలుగా మార్చి పంపండి. ముంబఈ, లఖనఊ అని వచ్చిన ఫలితాలను ముంబై, లక్నో అని దిద్దుకోవడం మీ చేతి పని.

అను ఫాంట్ల లాంటి పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగును యూనికోడ్‌లోకి మార్చడం దీనికి సంబంధించినది కాదు. అక్కడ లిపి మారదు, నిల్వ చేసే పద్ధతి మాత్రమే మారుతుంది. దానికి వేరే సాధనాలు ఉన్నాయి.

ఎనిమిదో అడుగు: తెలుగు నుంచి రోమన్‌కు వెళ్లాల్సి వస్తే

ఇక్కడ మూడు అవసరాలు, మూడు పద్ధతులు.

పరిశోధన వ్యాసానికైతే 2001 నాటి ఐఎస్‌ఓ 15919 ప్రమాణం వాడండి. దీర్ఘానికి అక్షరం మీద అడ్డగీత, ట వర్గానికి అక్షరం కింద చుక్క, ఱ కు కింద గీత. సంస్కృతం కోసం పండితులు వాడే మరో పద్ధతితో దీన్ని కలపకండి. సంస్కృతంలో ఎ, ఒ లకు హ్రస్వాలు లేవు కాబట్టి అక్కడ ఏ, ఓ ల మీద గీత పెట్టరు. తెలుగుకు ఆ గీత లేకపోతే చెక, చేక తేడా పోతుంది. సున్నకు ఐఎస్‌ఓలో చుక్క పైన, ఆ పద్ధతిలో చుక్క కింద.

టైపు చేయడానికైతే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి ఉంది. లేఖిని లాంటి సాధనాలు ఇదే దారిలో నడుస్తాయి. చిన్న టీ త, పెద్ద టీ ట, చిన్న ఎల్ ల, పెద్ద ఎల్ ళ. కల, కళ మాటల తేడాను మామూలు ఇంగ్లీషు అక్షరాలతోనే నిలబెట్టగలగడం దీని బలం. దీన్ని తెలుగు రాయడానికి మెట్టుగానే వాడండి, పాఠకుడి ముందు పెట్టకండి.

పాస్‌పోర్టు, సర్టిఫికెట్ లాంటి వాటికైతే ఏ ప్రమాణమూ చూడొద్దు. ఇప్పటికే ఉన్న పత్రాల్లో ఏ స్పెల్లింగుందో అక్షరం పొల్లుపోకుండా అదే రాయండి. కొత్తగా పుట్టిన బిడ్డ పేరైతే ఒక్క సంగతి ఆలోచించండి. మనం త కు టీ-హెచ్ రాస్తాం, ఉత్తరాదివాళ్లు దాన్ని థ అని చదువుతారు. గీత, సరిత లాంటి పేర్లకు ఆ తేడా జీవితాంతం ఎదురవుతుంది.

చివరి తనిఖీ

మీరు రాసిన రూపాన్ని ఆ పేరు తెలియని తెలుగు పాఠకుడి చేత పైకి చదివించండి. అది రికార్డు చేసి మూల భాష ఉచ్చారణ పక్కన పెట్టి వినండి. తడబడిన చోట పొల్లో, ఒత్తో సరిచూడాలి. అక్షరాల మార్పు చేస్తున్నట్టయితే వేరే పరీక్ష ఉంది: తెలుగు రూపాన్ని తిరిగి మూల లిపిలోకి మార్చి చూడండి, ఒక్క అక్షరం తేడా వచ్చినా నియమాల్లో ఎక్కడో లొసుగు ఉన్నట్టే.

కొత్త రూపం వాడుతున్నప్పుడు మొదటిసారి వచ్చిన చోట పాత రూపాన్ని కుండలీకరణంలో ఇవ్వండి, కోళిక్కోడ్ (కోజికోడ్) అన్నట్టు. వెతికేవాళ్లకు రెంటిలో ఏది టైపు చేసినా మీ రచన దొరుకుతుంది. ఆ తరవాత చివరి దాకా కోళిక్కోడ్ అనే రాయండి.